రెండో శనివారం హవల్దారప్ప

పోయిన నెల ఒకాయన నా జిరాక్స్ అంగడికొచ్చి ఒక మరణ పత్రం చేతికిచ్చి, "ఒక కాపీ తియ్యమ్మా" అన్నాడు. గాజు మీద పెట్టబోతా పేరు చూసినాను. చూసి, మూత వెయ్యకుండా అట్లే నిలబడిపోయినాను. మా హవల్దారప్ప. వచ్చినాయన ఆయప్ప అల్లుడంట. తెల్లవారి కాఫీ పెట్టుకొని లేపితే లేవలేదంట, నిద్రలోనే పోయినాడంట.

మెషిన్లో మూడు కాపీలు తీసి ఇచ్చినాను.

"ఒకటే అడిగితి కదమ్మా."

"మీ మామ ఉండింటే ఒకటి తియ్యనిచ్చేవాడు కాదప్పా. ఒకటి ఆఫీసుకు, ఒకటి మనకు, ఒకటి వాళ్ళు పోగొట్టుకొనేదానికి అనేవాడు."

అల్లుడు కండ్లు తుడుచుకొంటానే నవ్వినాడు.

ఆయప్ప పేరు ఈడ రాయను. పట్టాళం కాగితాల్లో ఒక మాదిరి, ఆధార్‌లో ఒక మాదిరి, పింఛను పత్రంలో ఇంగొక మాదిరి ఉండేది. ఏది రాసినా మిగతా రెండు కాగితాలు ఒప్పుకోవు. "నాకు దేవుండ్ల మాదిరి మూడు పేర్లుండాయమ్మా. దేవునికి ఏ పేరుతో పిలిచినా పని జరుగుతాది, నాకు జరగదు" అనేవాడు. చింతామణిలో తాలూకాఫీసు పక్క సందులో అందరికీ ఆయప్ప హవల్దారప్పే. అదే చాలు.

మురుగమల్ల పక్క ఒక పల్లె ఆయనది. దర్గాకు పోయి తిరిగొచ్చే జనంతో కిక్కిరిసిన బస్సులోంచి, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో దిగేవాడు. అది ఎట్ల సాధ్యమో నాకిప్పటికీ తెలీదు. మొదటిసారి నా అంగడికి వచ్చినప్పుడు కుర్చీ వేసినాను. కూర్చోలేదు.

"కూర్చున్నోడి అర్జీ కూడా కూర్చుంటాదమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఆరేడేండ్లు నా అంగడికి వచ్చినాడు. టీ తాగినా నిలబడే, సంతకం పెట్టినా నిలబడే.

పట్టాళంలో పనిచేసి వచ్చినోళ్ళకు సర్కారు ఒక ఆసుపత్రి కార్డు ఇస్తాది. ఆ కార్డు పట్టుకొని వాళ్ళ క్లినిక్కుకు పోతే డాక్టరు చూస్తాడు, మందులిస్తారు. పెద్ద ఖాయిలా అయితే బెంగళూరు ఆసుపత్రికి చీటీ రాసిస్తారు. కార్డు వాళ్ళ భార్యలకూ ఉంటాది. వినేదానికి ఇంత సులువు. ఆ కార్డు చేతికి రావాలంటే మాత్రం తాత పుట్టిన ఊరి నుంచి అర్జీలు, సహీలు, ఫోటోలు, సర్టిఫికెట్లు. మా చుట్టుపక్కల పల్లెల్లో యుద్ధం చూసి వచ్చిన మనుషులు కూడా ఆ ఫారం చూసి వెనక్కి తిరిగి పోయినారు.

వాళ్ళందరినీ ఏరి పట్టుకొనేది హవల్దారప్ప పని. యావరూ ఇచ్చిన పని కాదు. బస్టాండులో నిలబడి జనం నడక చూసేవాడు. "ఎంత ముసలోడైనా సరే, పట్టాళం వాడు మలుపు తిరిగేటప్పుడు తెలిసిపోతాదమ్మా." ఏటీఎం కాడ కాపలా ఉండేవాళ్ళు, టమేటా మండీలో లెక్క రాసేవాళ్ళు, బాగేపల్లి నుంచి సంతకు వచ్చినోళ్ళు, ఎవరి మలుపు ఆయప్ప కంట్లో పడినా వెనక నుంచి హిందీలో ఒక కేక వేసేవాడు. వాళ్ళ కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. అట్ల ఆగినోళ్ళు రెండో శనివారం నా అంగడి ముందర తేలేవాళ్ళు.

రెండో శనివారమే ఎందుకంటే, తాలూకాఫీసుకు రజా, తలుపులు తియ్యరు. సందులో జనం ఉండరు, ముసలోళ్ళను వరసగా సాలు నిలబెట్టేదానికి చోటుంటాది. ఆయప్ప మెడలో ఒక ఈల. ఈల ఊదితే ముసలోళ్ళంతా చొక్కాలు సర్దుకొని నిలబడేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులోళ్ళు ముందర. షుగరు, బీపీ వాళ్ళు నడాన. 'నాకేమీ లేదు, ఊరికే కార్డు ఉండనీ అని వచ్చినాను' అనేవాళ్ళు వెనక. అయితే ఫారం నింపేది మాత్రం వెనక నుంచి మొదలు పెట్టించేవాడు.

"ఏంటికప్పా? మోకాళ్ళోళ్ళు ముందొచ్చినారు కదా" అని ఒకసారి అడిగినాను.

"నొప్పి అని చెప్పేవాడు నిమ్మళంగా బతుకుతాడమ్మా. ఏమీ లేదనేవాడే ఉన్నట్టుండి పడిపోతాడు. వాడిదే ముందు."

ఫారం ఆన్‌లైన్లో ఎక్కించేది నా పని. ఆ వెబ్‌సైటు పొద్దున పని చెయ్యదు, సాయంత్రం పని చెయ్యదు. హవల్దారప్ప ఒక నోటు పుస్తకం పెట్టుకొని నెల రోజులు రాసినాడు, ఏ పొద్దు తెరుచుకొంటాది, ఏ పొద్దు మూసుకొంటాది అని. నెలాఖరుకు పుస్తకం నా ముందర పెట్టి, "ఒంటిగంట నుంచి రెండు దాకా బాగా నడుస్తాది. ఆఫీసులోళ్ళు అన్నం తినేటప్పుడు. వాళ్ళు తినేటప్పుడే మనము నొక్కాల" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు రెండో శనివారం మధ్యాహ్నం అన్నం మూడు గంటలకే. శనివారం ఆఫీసే ఉండదు కదా, అన్నం తినేది యావరు అని నాకు తోచింది కానీ, నిజంగానే ఆ పొద్దులో వెబ్‌సైటు తెరుచుకొనేది.

ఆయప్ప ఫిరంగుల దళంలో పని చేసినాడు. ఎడమ చెవి ఫిరంగికే ఇచ్చేసి వచ్చినాడు. మామూలుగా మాట్లాడేటప్పుడు కుడిచెవి మన పక్క పెట్టేవాడు. కచేరీలో గుమాస్తా నోటి నుంచి 'లేదు', 'కాదు', 'రేపు రా' అనే మాట వస్తాదని తెలియగానే మెల్లగా తిరిగి ఎడమచెవి ఇచ్చేవాడు. గుమాస్తా రెండోసారి చెప్పేవాడు. మూడోసారి అరిచేవాడు. నాలుగోసారి చెప్పే ఓపిక లేక కాగితం తీసుకొనేవాడు. ఆయప్ప వల్ల చెవి మిషన్లు తెచ్చుకొన్న ముసలోళ్ళు మా తాలూకాలో చాలామంది ఉండారు. ఆయప్ప మాత్రం తీసుకోలేదు. "ఉన్న ఆయుధం యావరన్నా పారేసుకొంటారామ్మా?"

చెవి వినపడని మనిషి కాబట్టి గొంతు పెద్దది. గుసగుసగా మాట్లాడేది ఆయప్పకు చేతకాదు. సందు చివర టీ అంగడాయనకు మా అర్జీల సంగతులన్నీ తెలిసేవి. ఫలానా వాడికి మూలశంక అని, ఫలానా వాడికి ఇద్దరు భార్యలని, కార్డు యావరి పేరు మీద రాయాలో తెలీకుండా ఉండాడని.

అట్లాంటి మనిషి కాడికి ఒక రెండో శనివారం నరసమ్మక్క వచ్చింది.

కెంచార్లహళ్ళి ఆమెది. అరవై దాటినాయి. భర్త పట్టాళంలో నాయక్‌గా చేసి వచ్చి, పోయి ఎనిమిదేండ్లు. ఉన్న ఎకరంలో టమేటా, కొత్తిమీర వేసుకొంటా ఉండేది. సాలులో నిలబడకుండా, అందరూ పోయేదాకా గోడకానుకొని ఉండి, చివరికి నా కాడికొచ్చి చెవిలో చెప్పింది. గర్భసంచి జారిందంట. రెండేండ్లయిందంట.

"బిందె ఎత్తలేను. చేన్లో కూర్చొని కలుపు తియ్యలేను. కోడలికి కూడా చెప్పలేదమ్మా. నీకే చెప్తాండా."

హవల్దారప్ప దగ్గరికొచ్చినాడు. "ఏమి ఖాయిలా?"

నరసమ్మక్క తల దించుకొనింది. నేను, "ఆడోళ్ళ ఖాయిలా అప్పా" అన్నాను.

"ఏందీ?"

సందు చివర టీ పోసేది ఆగిపోయింది. నేను గమ్మున ఒక చీటీ మీద రాసి చేతికిచ్చినాను. చదువుకొన్నాడు. ఫిరంగి పక్కన నిలబడి వచ్చిన మనిషి చెవులు రెండూ ఎర్రగా అయిపోయినాయి. చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకొని, జేబు మీద చెయ్యి పెట్టుకొన్నాడు.

"ఈ ఫైలు సంగతి నేను చూస్తాను" అన్నాడు.

ఆ రోజు నుంచి అది 'ఆ ఫైలు'. "ఆ ఫైలు ఎట్లుండాది నరసమ్మా?" అని సందంతా వినపడేటట్టు అడిగేవాడు. "ఆ ఫైలు నిన్న రేత్రి శానా ఇబ్బంది పెట్టిందప్పా" అని ఆమె చెప్పేది. టీ అంగడాయన ఆమెకేదో భూమి తగాదా ఉందనుకొన్నాడు.

నరసమ్మక్కకు కార్డు ఉండేది. భర్త బతికుండగానే చేయించి పెట్టినాడు. అయితే ఆ కార్డులో ఏముందో ఆమెకు తెలీదు, ఇంగ్లీషు రాదు. నేను చదివి చూసినాను. ఫోటో నరసమ్మక్కదే, కమ్మలతో సహా. పేరు నరసింహ. లింగం కాడ, మగ. పట్టాళంలో ఎవరో ఉత్తరాది గుమాస్తాకు నరసమ్మ అనే పేరు నోరు తిరగక నరసింహ అని రాసినాడు. నరసింహ అంటే మగోడే కదా అని దాని పక్క అదీ రాసేసినాడు. ఇన్నేండ్లు బీపీ మాత్రలు తీసుకొంటా ఉంటే యావరూ చూసుకోలేదు. బీపీ మాత్రకు ఆడా మగా లేదు కదా.

ముగ్గురమూ క్లినిక్కుకు పోయినాము. తోడుగా ఆడమనిషి ఉండాలని నన్ను కూడా రమ్మన్నాడు. రెండు బస్సులు మారి పోవాల. కౌంటరులో ఉన్నాయన మంచోడే, ఆయనా మాజీ సైనికుడే. కంప్యూటర్లో నొక్కినాడు, మల్ల నొక్కినాడు.

"తీసుకోవడం లేదమ్మా" అన్నాడు కన్నడలో. "మగవాళ్ళకు ఈ ఆపరేషన్ లేదంటోంది."

నేను ఆ మాట తెలుగులో చెప్పినాను. నరసమ్మక్క కొంగు సర్దుకొని ఆయన్నే చూసింది.

"ఐదు మందిని కన్నాను నాయనా. వాళ్ళలో ఒకడు నీయంత ఉండాడు. ఇప్పుడు నేను ఆడదాన్నని నీ పెట్టె చెప్పాలనా?"

"నాకు తెలుసమ్మా. కంప్యూటరుకే తెలీదు."

హవల్దారప్ప ఎడమచెవి ఇచ్చి, గొంతు పెంచినాడు. కౌంటరాయన మూడుసార్లు చెప్పి, చివరికి, "నా చేతిలో లేదు. లోపల ఆఫీసర్ సార్ ఉన్నారు, ఆయన్ను అడగండి" అన్నాడు.

హవల్దారప్ప ఈల చొక్కాలోపలికి దోపుకొని, బూట్లు చూసుకొని, తలుపు నెట్టుకొని లోపలికి పోయినాడు. బయట నుంచి మాకు మూడు మాటలు వినపడినాయి. మూడూ ఒకటే మాట. "యస్ సర్. యస్ సర్. యస్ సర్." బయటికొచ్చినాడు.

"ఏమన్నాడప్పా?"

"రికార్డుల ఆఫీసుకు రాసి, సరిచేయించుకొని రమ్మన్నాడు. ఆరు నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు అన్నాడు."

"మీరేమన్నారు?"

"యస్ సర్ అన్నాను."

తిరుగు బస్సులో నరసమ్మక్క సీటు దొరికినా కూర్చోలేక కమ్మీ పట్టుకొని నిలబడి వచ్చింది. ఆయప్ప ఆమెను చూడకుండా కిటికీ పక్కే చూస్తా వచ్చినాడు.

మూడో రోజు, శనివారం కాకపోయినా, నా అంగడికొచ్చినాడు. "అమ్మా, నువ్వు ఆ కుర్చీలో కూర్చో. కండ్లద్దాలు పెట్టుకో. ఆఫీసరువనుకో. నేనొచ్చి మాట్లాడతాను" అన్నాడు.

కూర్చున్నాను. ఆయప్ప సందులోకి పోయి, తిరిగి అంగడి మెట్టెక్కి, నిలబడి సెల్యూట్ కొట్టినాడు.

"సర్, ఈ కేసులో..."

నేను గొంతు మార్చి, "అది కుదరదు" అన్నాను.

మడమలు టప్పుమన్నాయి. "యస్ సర్."

"హవల్దారప్పా, నేను జిరాక్స్ అంగడిదాన్ని."

"నువ్వు ఆ గొంతు పెట్టొద్దమ్మా."

నాలుగుసార్లు చేసినాము. నాలుగుసార్లూ 'యస్ సర్' అనే మెట్టు దిగినాడు. చివరిసారి దిగి, గోడకానుకొని, నాకు మొదటిసారిగా తగ్గిన గొంతుతో చెప్పినాడు.

"ఇరవైనాలుగేండ్లు 'ఎందుకు సర్' అనే మాట నోట్లో పెట్టుకోలేదమ్మా. గుమాస్తాలను అరుస్తాను, తహసీల్దారుతో వాదిస్తాను. భుజం మీద ఆ నక్షత్రాలు చూస్తే నాలుక లోపలికి పోతాది. ఇప్పుడు ఆ ఆఫీసరు పట్టాళం నుంచి రిటైరయి క్లినిక్కులో కూర్చున్నాడు, నక్షత్రాలు కూడా లేవు. అయినా నాకు కనపడతాండాయి."

"అయితే నరసమ్మక్కకు ఏమి చెప్దాము?"

"సోమవారం మల్ల పోదాము" అన్నాడు.

సోమవారం ముగ్గురమూ ఆఫీసరు గదిలోకే పోయినాము. ఆఫీసరు పెద్దాయన. చెడ్డోడు కాదు, అలిసిపోయిన మనిషి. బల్ల మీద రెండు పక్కలా ఫైళ్ళు, నడాన ఆయన. మమ్మల్ని చూసి మర్యాదగానే చెప్పినాడు, రికార్డు మారకుండా తానేమీ చెయ్యలేనని.

"యస్ సర్" అన్నాడు హవల్దారప్ప.

"సరే, మీరు వెళ్ళొచ్చు."

"యస్ సర్."

పోలేదు. కొయ్య మాదిరి నిలబడి ఉండాడు. ఆఫీసరు ఒక కాగితం మీద సంతకం పెట్టి తలెత్తి చూసినాడు.

"ఇంకేమన్నా ఉందా?"

"నో సర్."

ఇంగొక కాగితం మీద సంతకం. మల్ల తలెత్తినాడు. హవల్దారప్ప అట్లే ఉండాడు. మెడ మీద నుంచి చెమట ఇస్త్రీ చొక్కాలోకి దిగుతా ఉండాది. ఆఫీసరుకు కూడా ఇబ్బందిగా ఉండాది. పొమ్మన్న తర్వాత పోకుండా నిలబడిన హవల్దారును ఆయన కూడా జీవితంలో చూసుండడు.

"ఏమిటయ్యా?" అన్నాడు.

హవల్దారప్ప నోరు తెరిచినాడు. అప్పుడు నేను అనుకోనిది జరిగింది. ఆయప్ప గుసగుసగా మాట్లాడినాడు. తలుపు అవతల కూర్చున్న రోగులకు వినపడకూడదని. ఆ గుసగుస ఎట్లుండాదంటే, తుప్పు పట్టిన గేటు మెల్లగా తీసినట్టు.

"సర్, ఈమెకు రెండేండ్లుగా నొప్పి ఉండాది. మగ అని రాసింది మనము సర్. ఈమె కాదు."

హిందీలో అన్నాడు. అంతే అన్నాడు. ఆఫీసరు కలం మూత పెట్టి, నరసమ్మక్కను మొదటిసారి చూసినట్టు చూసినాడు. నిలబడలేక కుర్చీ వీపు పట్టుకొని ఉండాది ఆమె. గంట కొట్టి లేడీ డాక్టరును పిలిపించినాడు.

డాక్టరమ్మ పక్క గదిలో పరీక్ష చేసి వచ్చి, చేత్తోనే కాగితం రాసింది. ఈ రోగి స్త్రీ అని, ఆపరేషన్ ఇంక ఆలస్యం చెయ్యకూడదని. దాని కింద ఆఫీసరు చేత్తోనే బెంగళూరు ఆసుపత్రికి ఉత్తరం రాసి, సహి వేసి, ముద్ర కొట్టినాడు. కంప్యూటరును అడగలేదు.

నరసమ్మక్క ఆ కాగితం తీసుకొని నన్ను అడిగింది. "ఏమి రాసుందమ్మా?"

"నువ్వు ఆడదానివని రాసుందక్కా."

"సరే అయితే" అని బ్లౌజులో పెట్టుకొనింది.

బయటికొచ్చి చూస్తే హవల్దారప్ప వరండాలో బెంచీ మీద కూర్చోనుండాడు. ఆయప్ప కూర్చున్నది నేను చూడటం అదే మొదలు. నేను నీళ్ళ బాటిల్ ఇచ్చినాను. ఒక గుక్క తాగి, "కాగితం మూడు కాపీలు తియ్యాల" అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. నరసమ్మక్క రెండు నెలల తర్వాత నా అంగడికి ఒక మోపు కొత్తిమీర తెచ్చి, ఎత్తి బల్ల మీద పెట్టి చూపించింది, ఎత్తగలనని. రికార్డుల ఆఫీసు నుంచి సవరణ వచ్చేసరికి ఏడాది దాటింది. చదివితే, లింగం ఆడ అని మార్చినారు. పేరు మాత్రం నరసింహ అనే ఉండాది.

"సగం కొండ ఎక్కినాము. పేరుకు ఇంగొక అర్జీ వేస్తాము" అన్నాడు హవల్దారప్ప.

"వద్దులేప్పా. కదిరి సామి పేరు. ఉండనీ" అనింది నరసమ్మక్క.

ఒకసారి తెరిచిన నోరు మూసేది ఎట్లో ఆయప్పకు తెలియలేదు. ప్రతి నెలా ఆ ఆఫీసరు గదికి పోయి నిలబడేవాడు. "మా ముసలోళ్ళు రెండు బస్సులు మారి రాలేరు సర్. నెలకొకసారి డాక్టరమ్మను మా చింతామణికి పంపించండి." ఆఫీసరు కుదరదంటే యస్ సర్ అనేవాడు, అని పోకుండా నిలబడేవాడు. ఆఫీసరు తలుపు గడియ పెట్టుకోవడం మొదలు పెట్టినాడని కౌంటరాయన చెప్పినాడు. చివరికి ఒప్పుకొన్నాడు. ఒకసారి క్యాంపు పెట్టి చూస్తాను, జనం క్రమంగా వచ్చి చూపించుకొంటే ప్రతి నెలా పంపిస్తాను, గలాటా అయితే ఇంగ అడగొద్దు అని.

ఒక స్కూల్లో రెండు గదులు ఇప్పించుకొన్నాడు. నాలుగు రోజుల ముందు నుంచే పని. నేల మీద సున్నంతో గీతలు. షుగరోళ్ళకు ఒక గీత, మోకాళ్ళోళ్ళకు ఒక గీత, కండ్లోళ్ళకు ఒక గీత. కుర్చీలకు నంబర్లు. చెప్పులు విడిచే చోటుకు కూడా ఒక గీత. ఆ రోజు పొద్దున ఆరింటికే పోతే, ఆయప్ప అప్పటికే ఖాళీ గీతల మధ్య ఈల ఊదుకొంటా తిరుగుతా ఉండాడు.

వ్యాను వచ్చింది, ఆంబులెన్సు కూడా వెనకాలే వచ్చింది. అదే డాక్టరమ్మ. జనం గీతల మీద నిలబడినారు. బీపీ మిషను చూసి తొండేభావి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ భయపడింది, చెయ్యి నలిగిపోతాదేమో అని. "ఏమీ కాదమ్మా, నా చేతికి పెట్టి చూపిస్తారు చూడు" అని హవల్దారప్ప చొక్కా చెయ్యి మడిచి డాక్టరమ్మ ముందర పెట్టినాడు.

డాక్టరమ్మ చూసింది. మిషను బాగాలేదేమో అని ఇంగొకటి తెప్పించింది. ఇంగొక చేతికి కట్టింది. ఆయప్ప ఛాతీ మీద చెయ్యి వేసి రుద్దుకొంటా ఉంటే, ఎన్ని రోజులుగా అట్ల ఉండాది అని అడిగింది.

"నాకేమీ లేదు మేడం. ముందు వాళ్ళను చూడండి."

గీత మీద నిలబడిన బాగేపల్లి సుబేదారు ఒకాయన, "ఏమీ లేదనేవాడిదే ముందు అని నువ్వే కదప్పా చెప్పింది" అన్నాడు.

గుండె పరీక్ష తీసినారు. అందులో వచ్చిన కాగితం పట్టీ చూస్తానే డాక్టరమ్మ స్ట్రెచర్ తెమ్మనింది. ఆయప్ప, నేను ఈ క్యాంపు నడిపేవాణ్ణి, నేనెట్ల పోతాను అని హిందీలో, కన్నడలో, తెలుగులో చెప్పినాడు. డాక్టరమ్మ కూడా పట్టాళం డాక్టరమ్మే. "హవల్దార్, పడుకో" అనింది. మడమలు కలిపి, "యస్ మేడం" అని పడుకొన్నాడు.

ఆంబులెన్సు ఎక్కించేటప్పుడు మెడలో ఈల తీసి నరసమ్మక్క చేతిలో పెట్టినాడు. "సాలు చెదరకూడదు" అన్నాడు. తలుపు మూసినాంక కూడా లోపల నుంచి షుగరోళ్ళ గీత గురించి ఏదో వినపడతానే ఉండాది.

బెంగళూరులో అదే సాయంత్రం గుండెకు స్టెంట్లు వేసినారు. ఆయప్ప కార్డు ఆయప్పకు పనికొచ్చింది అదే మొదటిసారి.

నాలుగో రోజు నేనూ నరసమ్మక్కా చూసేదానికి పోయినాము. ఆయప్ప వాళ్ళావిడ వార్డు బయటే ఎదురొచ్చింది. "డాక్టర్లు బాగుండాడంటారు. ఈ మనిషి మాత్రం గోడ పక్క తిరిగి పడుకొంటాడు. పొద్దున ఉప్పిట్టు తెస్తే ముట్టలేదు. నిన్నా అంతే. యావరితోనూ మాటల్లేవు" అనింది.

లోపలికి పోయినాము. ఆసుపత్రి పచ్చ గుడ్డల్లో, మడత లేని చొక్కాలో, ఆయప్ప చిన్నగా కనపడినాడు. గోడనే చూస్తా అడిగినాడు.

"క్యాంపు ఎట్ల జరిగింది?"

నేను సంతోషంగా చెప్పబోయినాను. నిజం ఏందంటే, క్యాంపు గడియారం మాదిరి జరిగింది. యావరూ గీత దాటలేదు. నరసమ్మక్క ఒక్కసారి కూడా ఈల ఊదలేదు. మధ్యాహ్నం ఆఫీసరు స్వయంగా వచ్చి, చూసి, ఇంత క్రమం పట్టాళంలో కూడా చూడలేదన్నాడు. ఇంగ ప్రతి నెలా అన్నాడు. ఈ మాటలన్నీ నోటి దాకా వచ్చినాయి. అప్పుడు నరసమ్మక్క నా కాలు తొక్కింది.

"ఏం చెప్పేదప్పా" అనింది ఆమె, స్టూలు లాక్కొని కూర్చొని. "నువ్వు పోయినాంక ఒకటే గలాటా."

హవల్దారప్ప తల మా పక్కకు తిరిగింది.

"షుగరోళ్ళు పోయి మోకాళ్ళోళ్ళ గీత మీద నిలబడినారు. ఆ బాగేపల్లి సుబేదారు పోయి డాక్టరమ్మ కుర్చీలోనే కూర్చున్నాడు. చెప్పులు యావరివి యావరికి పోయినాయో ఇంగా తెలీదు. నేను ఈల ఊదినాను, ఊదినాను, నా బుగ్గలు నొప్పి పుట్టినాయే గానీ ఒక్కడు వినలేదు."

"ఒక్కడు కూడానా?"

"ఒక్కడు కూడా."

ఆయప్ప మోచేయి ఊనుకొని లేచి కూర్చున్నాడు. వాళ్ళావిడ దిండు పెట్టబోతే వద్దన్నాడు.

"మరి ఆఫీసరు వచ్చినాడా? చూసినాడా?"

నరసమ్మక్క తడుముకోలేదు.

"వచ్చినాడు. చూసి తలకొట్టుకొన్నాడు. ఆ హవల్దారు లేకుండా ఇది జరిగే పని కాదు, ఆయప్ప బాగై వచ్చి నిలబడతానంటేనే వచ్చే నెల డాక్టరమ్మను పంపిస్తాను అన్నాడు. ఏమమ్మా, అట్లే కదా అనింది?"

"అట్లే అన్నాడప్పా" అన్నాను నేను.

ఆయప్ప మా ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకర్ని చూసినాడు. నవ్వు రాకుండా పెదాలు బిగించుకొన్నాడు గానీ మీసం ఆగలేదు.

"నాకు తెలుసు" అన్నాడు. "ఈడ పడుకొన్నప్పటి నుంచి అదే అనుకొంటాండా." వాళ్ళావిడ పక్క చెయ్యి చాపినాడు. "ఆ ఉప్పిట్టు ఇట్లియ్యి."

చల్లారిపోయిందని ఆమె అంటా ఉంటే వినకుండా గిన్నె ఒళ్ళో పెట్టుకొని తినడం మొదలు పెట్టినాడు. తింటానే, షుగరోళ్ళకు వేరే గది ఉండాల, సుబేదారును వాకిట్లో కాపలా పెట్టాల, చెప్పులకు చీటీలు కట్టాల అని చెప్తా పోయినాడు. నేను బస్సు టికెట్టు వెనక రాసుకొంటా పోయినాను. గిన్నె ఖాళీ అయ్యేసరికి, యావరూ దాటని ఆ సున్నం గీతలను వచ్చే నెల ఎంత లావుగా గీయాలో కూడా తేలిపోయింది.